పాత సైకిల్ తుప్పు గీకేస్తున్నారా..? ఆగండి.. దాని వయసు చెప్పే గుర్తులు అక్కడే ఉంటాయి!

అటక మీదో, పశువుల కొట్టంలోనో, మేడ మెట్ల కిందో.. చాలా ఇళ్లలో ఓ పాత సైకిల్ మూలన పడి ఉంటుంది. తాతల నాటిదంటారు. ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిందంటారు. ఒకరోజు ఇంట్లో ఎవరికో దాన్ని బాగు చేయించాలన్న ఆలోచన వస్తుంది. వెంటనే పెయింటింగ్ షాపులో పడేస్తారు. రెండు రోజుల్లో సైకిల్ నల్లగా మెరిసిపోతూ ఇంటికొస్తుంది. అందరూ దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు.

కానీ అసలు నష్టం జరిగేది ఆ రెండు రోజుల్లోనే. ఫ్రేమ్ మీద కంపెనీ అతికించిన గుర్తు పోతుంది. చేత్తో గీసిన బంగారు రంగు గీతలు పోతాయి. పాత నికెల్ పూత పోతుంది. గ్రైండర్ గట్టిగా తగిలితే ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు కూడా అరిగిపోతుంది. ఆ తర్వాత అది 1912 నాటిదా, 1972 నాటిదా అంటే చేయి తిరిగిన వాళ్లు కూడా తేల్చి చెప్పలేరు.

అందుకే పాత సైకిళ్లు సేకరించేవాళ్లు ఒకటే మాట చెబుతారు.. ముందు గుర్తింపు, ఆ తర్వాతే మరమ్మతు. ఇంతకీ ఆ గుర్తులేంటి? ఎక్కడ వెతకాలి? ఏది కడగొచ్చు, ఏది ముట్టుకోకూడదు? వివరాలివీ..

వందేళ్ల సైకిల్, యాభై ఏళ్ల సైకిల్.. రెండూ ఒకేలా ఎందుకుంటాయి?

ఇప్పుడు కనిపించే సైకిల్ రూపం ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మొదలైంది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిల్ తెచ్చారు. అప్పటిదాకా ముందు చక్రం ఆకాశమంత, వెనక చక్రం చిన్నది. రోవర్‌లో రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి చైను. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నారు. దాంతో సైకిల్ సామాన్యుడి బండి అయింది.

1900 నాటికే నాలుగు మూలల ఫ్రేమ్, 28 ఇంచుల చక్రాలు, నల్ల రంగు.. ఇవన్నీ కుదురుకున్నాయి. నాటింగ్‌హామ్ ర్యాలీ, బర్మింగ్‌హామ్ బీఎస్ఏ, కోవెంట్రీ హంబర్, వుల్వర్‌హాంప్టన్ సన్‌బీమ్.. ఈ బళ్లు బ్రిటిష్ పాలన ఉన్న దేశాలన్నిటికీ వెళ్లాయి. మద్రాసు, బొంబాయి రేవుల్లో దిగి మన ఊళ్లకూ చేరాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలైంది. 1950ల మొదట్లో అసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ సైకిళ్లు చేసింది. 1951లో అట్లాస్, 1956లో హీరో వచ్చాయి. ఇవన్నీ చేసింది ఆ ఇంగ్లిష్ రోడ్‌స్టర్ నమూనాయే. అదే రాడ్ బ్రేకు, అదే 28 ఇంచుల చక్రం, అదే నల్ల రంగు. దశాబ్దాల పాటు పెద్దగా మార్పు లేదు.

అందుకే దూరం నుంచి చూస్తే 1920ల ఇంగ్లిష్ సైకిల్, 1970ల లూథియానా సైకిల్ అన్నదమ్ముల్లా ఉంటాయి. 'బ్రిటిష్ కాలం నాటిది' అని చెప్పి అమ్మేవాళ్లకు ఇదే వరం. కొనేవాళ్లకు ఇదే గండం. ఆకారం చూసి వయసు చెప్పడం కుదరదు. విడిభాగాలు ఒక్కొక్కటిగా చూడాల్సిందే.

ముందు ఫొటోలు.. తర్వాతే గుడ్డ

సైకిల్ దొరికింది దొరికినట్టు ఎండలోకి తెచ్చి ఫొటోలు తీయాలి. కుడి వైపు, ఎడమ వైపు, ముందు, వెనక. ఆ తర్వాత దగ్గర నుంచి హ్యాండిల్ కింద ఉండే కంపెనీ బిళ్ల, పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం, రెండు చక్రాల హబ్బులు, సీటు, బ్రేకు రాడ్లు, గొట్టాలు కలిసే చోట్లు.

బోల్టు విప్పే ముందు ఒక ఫొటో, విప్పాక ఒకటి. ఏ వాషర్ ఎటు వైపు ఉందో నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఫోన్‌లో ఉన్న ఫొటో మాత్రం మర్చిపోదు. విప్పిన చిన్న సామాన్లు దేనికదే చిన్న డబ్బాలో వేసి పేరు రాసుకోవాలి. పాడైన బోల్టును కూడా పారేయకూడదు. కొత్తది వెతకాలన్నా అదే కొలత.

ఫ్రేమ్‌కు చిన్న లోహపు బిళ్ల వేలాడుతుంటే దాన్ని అస్సలు పీకొద్దు. ఒకప్పుడు మున్సిపాలిటీలు, పంచాయతీలు సైకిల్ పన్ను కట్టించుకుని ఇలాంటి బిళ్లలు ఇచ్చేవి. దాని మీద ఊరి పేరు, సంవత్సరం ఉంటే అది పెద్ద ఆధారమే. అయితే ఆ ఏడాది సైకిల్ ఆ ఊళ్లో తిరిగిందనే అది చెబుతుంది. ఎప్పుడు తయారైందో చెప్పదు.

నంబరు ఎక్కడ ఉంటుంది?

ఫ్రేమ్ నంబరు సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి.. సీటు గొట్టం ఫ్రేమ్‌లోకి దిగే చోట ఉండే లగ్గు మీద. రెండు.. సైకిల్‌ను తిరగేస్తే పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం అడుగున. కొన్ని కంపెనీలు హ్యాండిల్ దగ్గరి గొట్టం మీద, వెనక చక్రం బిగించే చోట కూడా కొట్టాయి. లగ్గు అంటే రెండు గొట్టాలను కలిపే ఇనుప తొడుగు.

అక్కడ మట్టి, గ్రీజు పేరుకుపోయి ఉంటుంది. ఇనుప బ్రష్ వద్దు. కాస్త నూనె రాసి, ఒక రాత్రి నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడవాలి. నంబరు సరిగా కనపడకపోతే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు బయటపడతాయి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దిన పద్ధతే.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఒక్క నంబరుతోనే పని జరగదు. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. కంపెనీ ఏదో తేలిన తర్వాతే నంబరుకు అర్థం వస్తుంది. బ్రిటన్‌లో 1955 నుంచి ఉన్న వెటరన్ సైకిల్ క్లబ్ పాత కేటలాగులు, నంబర్ల వివరాలు భద్రపరిచింది. ఫొటోలు, నంబరు ఇస్తే సైకిల్ కాలం అంచనా వేసే వాళ్లు ఆ క్లబ్‌లో ఉన్నారు.

పేరు చెప్పే పళ్ల చక్రం

కంపెనీ బిళ్ల ఊడిపోయినా, రంగు పోయినా పేరు చెప్పే భాగం ఒకటుంది. అదే పెడళ్ల దగ్గరి పెద్ద పళ్ల చక్రం. మన మెకానిక్‌లు చైన్ వీల్ అంటారు. ఆ రోజుల్లో కంపెనీలు దీన్నే తమ సంతకంగా వాడుకున్నాయి.

* ర్యాలీ: చక్రంలో కొంగ తలలు కనిపిస్తాయి. ఆ కొంగే కంపెనీ గుర్తు.
* హంబర్: చేతులు చాచిన చిన్న మనుషుల బొమ్మలు గుండ్రంగా ఉంటాయి. ముందు ఫోర్కు ఒక్కో వైపు రెండేసి సన్న గొట్టాలతో ఉంటే హంబర్ అన్న అనుమానం ఇంకా బలపడుతుంది.
* రడ్జ్: మధ్యలో అరచేయి ఆకారం.
* బీఎస్ఏ, హెర్క్యులిస్: చక్రంలోనే ఇంగ్లిష్ అక్షరాలు కత్తిరించి ఉంటాయి.
* సన్‌బీమ్: దీనికి చైను పూర్తిగా మూసేసిన పెట్టె పేరు తెచ్చింది. లోపల చైను నూనెలో నడిచేలా చేశారు. నల్ల రంగు మీద బంగారు గీతలు ఈ కంపెనీ ప్రత్యేకత.

అయితే పళ్ల చక్రం పేరు చెబుతుంది కానీ కాలం చెప్పదు. ర్యాలీ 1932లో హంబర్ సైకిళ్లను, 1943లో రడ్జ్‌ను తీసుకుంది. తర్వాత కూడా పాత పేర్లు, పాత గుర్తులతోనే సైకిళ్లు అమ్మింది. కాబట్టి మనుషుల బొమ్మలున్న చక్రం కనిపించగానే 1910 అనేయకూడదు. అది 1950ల నాటిదీ కావొచ్చు.

మూడు తుపాకులు కనిపిస్తే బీఎస్ఏనేనా?

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకుల తయారీకి పుట్టిన కంపెనీ. అందుకే మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ దాని గుర్తు.

ఈ కంపెనీ పూర్తి సైకిళ్లే కాదు.. హబ్బులు, లగ్గులు, పెడల్ ఇరుసులు లాంటి సామాన్లు కూడా వేరేవాళ్లకు అమ్మింది. ఇంగ్లండ్‌లో ఊరూరా చిన్న షాపులవాళ్లు ఆ సామాన్లు కొని, ఫ్రేమ్ కట్టి, తమ పేరు పెట్టుకుని అమ్మారు. కాబట్టి హబ్బు మీద మూడు తుపాకులు కనిపిస్తే ఆ హబ్బు బీఎస్ఏది అన్నంతవరకే నిజం. సైకిల్ సంగతి విడిగా తేల్చాలి.

సీటు విషయమూ అంతే. బర్మింగ్‌హామ్‌లో 1866లో మొదలైన బ్రూక్స్ కంపెనీ తోలు సీట్లు ఎన్నో కంపెనీల సైకిళ్లకు వెళ్లాయి. సీటు మీద ఇంగ్లండ్ అని ఉన్నంత మాత్రాన సైకిల్ ఇంగ్లండ్‌ది అయిపోదు. సీటు మార్చడం ఐదు నిమిషాల పని.

నికెలా..? క్రోమా..?

వయసు తేల్చడానికి అన్నిటికంటే సులువైన పరీక్ష ఇది. హ్యాండిల్, బ్రేకు రాడ్లు, బెల్లు మీద పూత చూడాలి. క్రోమ్ అయితే నీలి ఛాయతో అద్దంలా తళతళలాడుతుంది. నికెల్ అయితే కాస్త పసుపు కలిసిన వెండి రంగులో, మెత్తటి మెరుపుతో ఉంటుంది. పాతబడితే బూడిద రంగుకు తిరుగుతుంది.

సైకిళ్ల మీద క్రోమ్ పూత 1920ల చివర నుంచే వాడకంలోకి వచ్చింది. అంతకు ముందు అంతా నికెలే. కాబట్టి అసలు భాగాల మీద నికెల్ ఉంటే సైకిల్ 1930కి ముందుది కావడానికి అవకాశం ఎక్కువ. క్రోమ్ ఉంటే ఆ తర్వాతిది, లేదా భాగాలు మార్చినది.

ఇప్పుడు అర్థమైంది కదా.. పాత హ్యాండిల్‌ను 'కొత్తగా మెరవాలి' అని క్రోమ్ పూత షాపుకిస్తే ఏం జరుగుతుందో. నికెల్ పొరతో పాటు అతి ముఖ్యమైన సాక్ష్యం కూడా ఆసిడ్ తొట్టిలో కరిగిపోతుంది.

బ్రేకు, చైను, హబ్బు ఏం చెబుతాయి?

బ్రేకు నొక్కితే చిన్న రబ్బరు దిమ్మ నేరుగా ముందు టైరు మీద ఒత్తుకుంటుందా? అయితే ఆ పద్ధతి 1890లు, 1900ల మొదటి నాళ్లది. రాడ్ల ద్వారా రిమ్ములోపలి వైపు ఒత్తే బ్రేకులు ఆ తర్వాత స్థిరపడ్డాయి. ఇవి మన పాలవాళ్ల సైకిళ్ల మీద నిన్నమొన్నటి దాకా ఉన్నవే.

తొక్కడం ఆపినా పెడళ్లు ఆగకుండా చక్రంతో పాటు తిరుగుతున్నాయా? అంటే ఫ్రీ వీల్ లేదన్నమాట. ఫ్రీ వీల్ 1900 ప్రాంతంలో వ్యాపించింది. వెనక ఇరుసుకు ఎడమ వైపు కాలు పెట్టి ఎక్కడానికి చిన్న ఇనుప మెట్టు ఉంటే అదీ ఆ కాలపు గుర్తే. అప్పట్లో చాలామంది వెనక నుంచి ఎక్కి కూర్చునేవారు.

చైను లింకు కొలవాలి. ఇప్పటి చైన్లలో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర ఇంచు. పాత సైకిళ్లలో ఒక ఇంచు, లేదా ఇంచులో ఎనిమిదింట ఐదు వంతుల చైన్లు కనిపిస్తాయి. ఇంచు చైను పళ్ల చక్రంలో పళ్లు దూరం దూరంగా ఉంటాయి. దీనికి బజారులో దొరికే చైను ఎక్కదు.

వెనక హబ్బు లావుగా ఉండి, ఇరుసులోంచి సన్నటి గొలుసు బయటకు వస్తుంటే అది మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ కావొచ్చు. దీని పేటెంట్ 1902 నాటిది. 1910 నుంచి ఎక్స్ అనే మోడల్, 1936 నుంచి ఏడబ్ల్యూ అనే మోడల్ వచ్చాయి. ఏడబ్ల్యూ హబ్బుల మీద సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి. 52 అని ఉంటే 1952. మన దగ్గర ఎక్కువ సైకిళ్లకు గేర్లు ఉండవు కాబట్టి ఇలాంటి హబ్బు దొరకడం అదృష్టమే.

అన్నీ కలిపి చదవాలి.. ఇలా

ఒక సైకిల్ దొరికిందనుకుందాం. పళ్ల చక్రంలో ర్యాలీ కొంగ తలలున్నాయి. హ్యాండిల్, బ్రేకు రాడ్ల మీద నికెల్ పూత ఉంది. వెనక హబ్బు మీద మాత్రం ఏడబ్ల్యూ 52 అని ఉంది. మరి సైకిల్ 1952దా?

కాదు. హబ్బు 1952ది. నికెల్ భాగాలు, చక్రం గుర్తు 1930కి ముందు ర్యాలీ వైపు చూపిస్తున్నాయి. అంటే పాత సైకిల్‌కు తర్వాత ఎప్పుడో వెనక చక్రం మార్చి ఉండొచ్చు. ఇప్పుడు ఫ్రేమ్ నంబరు చూస్తే తేలిపోతుంది. ఒకే ఒక్క గుర్తును పట్టుకుని కూర్చుంటే తప్పు లెక్క వస్తుంది. మూడు నాలుగు గుర్తులు ఒకే కాలాన్ని చూపిస్తేనే నమ్మాలి.

'నూనె గుడ్డ' పద్ధతి అంటే..?

పాత సైకిళ్లు, కార్లు, మోటార్ సైకిళ్లు సేకరించే బ్రిటిష్ వాళ్లు 'ఆయిలీ ర్యాగ్' అనే మాట వాడతారు. అంటే నూనె గుడ్డ. రంగు వేయకుండా, పూత మార్చకుండా, నూనె గుడ్డతో తుడిచి, తుప్పు ముందుకు పాకకుండా ఆపి, నడిచేలా చేయడం. గీతలు, సొట్టలు, వెలిసిన రంగు.. అన్నీ అలాగే ఉంటాయి.

ఎందుకిలా? రంగు మళ్లీ ఎప్పుడైనా వేయొచ్చు. కానీ అసలు రంగును మళ్లీ తేలేం. సేకరించేవాళ్ల దగ్గర కూడా కొత్తగా మెరిసే సైకిల్ కంటే అసలు రంగు మిగిలిన సైకిల్‌కే సాధారణంగా గౌరవం ఎక్కువ.

పని ఇలా మొదలుపెట్టాలి. ముందు పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. తర్వాత కుట్టు మిషన్ నూనె లాంటి పల్చటి నూనె గుడ్డకు రాసి, కనపడని చోట అంగుళం మేర తుడిచి చూడాలి. గుడ్డకు నల్ల మురికి అంటితే పర్వాలేదు. బంగారు రంగు అంటితే వెంటనే ఆపేయాలి.

కంపెనీ పేర్లు, బొమ్మలు పల్చటి పొరగా అతికించి, పైన వార్నిష్ వేసేవారు. కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ తగిలితే అవి నిమిషాల్లో లేచిపోతాయి. వాటి చుట్టూ తుడవాలి కానీ వాటి మీద రుద్దకూడదు.

నికెల్ మీద తుప్పు చుక్కలకు నూనె రాసి నానబెట్టి, గుడ్డతో నిదానంగా తీయాలి. గరుకు కాగితం, గ్రైండర్ చక్రం దగ్గరకు రానివ్వొద్దు. ఒకరోజులో అయ్యే పని కాదిది. వారాలు పడుతుంది.

సుత్తి తీసే ముందు..

పాత సైకిల్‌లో ఎక్కువ సామాన్లు విరిగేది తుప్పు వల్ల కాదు, తొందర వల్ల. ముఖ్యంగా పెడల్ క్రాంకులను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు. వీటి మీద చిన్న చిన్న దెబ్బలు పది కొడితే పిన్ను కొస వంగి, ఇక ఎప్పటికీ రాదు.

సరైన పద్ధతి వేరు. తుప్పు వదిలించే నూనె రెండు మూడు రోజులు పట్టించాలి. నట్టును పిన్ను కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేయాలి. క్రాంకు కింద బలమైన ఇనుప గొట్టం నేలకు ఆనించి నిలబెట్టాలి. అప్పుడు ఒకే ఒక్క గట్టి దెబ్బ. దెబ్బ బలం ఇరుసు గోళీల మీద పడకుండా ఆ గొట్టం ఆపుతుంది.

విప్పే దిక్కు కూడా తెలుసుకోవాలి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇంగ్లిష్ సైకిళ్లలో పెడల్ ఇరుసు కుడి వైపు కప్పుదీ ఉల్టా మరే. ఇది తెలియక బలం పెట్టి తిప్పితే ఇంకా బిగుసుకుపోతుంది.

మరల సంగతి మరీ ముఖ్యం. పాత ఇంగ్లిష్ సైకిళ్ల బోల్టులు ఎక్కువగా ఇంచుకు 26 మరల లెక్కలో ఉంటాయి. ఇప్పటి మిల్లీమీటర్ల బోల్టు రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి, పాత మరను కోసేస్తుంది. ర్యాలీ అయితే పెడల్ ఇరుసు కప్పులకు కూడా 26 మరలే వాడింది. మిగతా చాలా కంపెనీలది 24. ఒక కంపెనీ కప్పు ఇంకో కంపెనీకి బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేమే పాడవుతుంది.

లోపలి గోళీలు అరిగితే మాత్రం మొహమాటం లేకుండా మార్చేయాలి. సాధారణంగా పెడల్ ఇరుసు, వెనక హబ్బులో పావు ఇంచు గోళీలు, ముందు హబ్బులో అంతకంటే చిన్నవి ఉంటాయి. ఒకటి రెండు కాదు, మొత్తం సెట్టు మార్చాలి. గేర్ల హబ్బుకు గ్రీజు పట్టిస్తే లోపలి చిన్న భాగాలు మొరాయిస్తాయి. నూనె మూత తెరిచి పల్చటి మిషన్ ఆయిల్ వేస్తే చాలు.

టైర్ల విషయంలో మనవాళ్లే అదృష్టవంతులు

పాత రోడ్‌స్టర్లలో ఎక్కువ వాటికి 28 ఇంచుల, ఒకటిన్నర ఇంచు వెడల్పు టైరు పడుతుంది. రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. అమెరికాలో మామూలు షాపుల్లో ఈ సైజు అరుదు. మన దగ్గర మాత్రం అదే కొలత సైకిళ్లు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి పాత సైకిల్ షాపుల్లో దొరుకుతుంది.

28 అని రాసి ఉన్న ప్రతి టైరూ పట్టదు. ఇప్పటి కొత్త సైకిళ్ల 28 ఇంచుల టైరు కొలత 622 మిల్లీమీటర్లు. కొనే ముందు రిమ్ము కొలిచి, టైరు మీద అంకె చూసుకోవాలి. స్పోకులు కూడా లెక్కపెట్టాలి. ఇంగ్లిష్ పద్ధతిలో ముందు 32, వెనక 40. రిమ్ము కూడా మార్చాల్సి వస్తే అన్ని రంధ్రాలున్నదే కావాలి.

అమెరికాలో ఉంటున్నవాళ్లకు అక్కడి పాత సైకిల్ దొరికితే కథ వేరు. 1900ల మొదట్లో అక్కడ చెక్క రిమ్ములు, వాటికి జిగురుతో అతికించే ఒకే పొర టైర్లు మామూలే. అలాంటి చక్రాలు గోడకు తగిలించి చూసుకోవడానికే. వందేళ్ల చెక్క మీద బరువు వేసి రోడ్డెక్కడం ప్రమాదం.

తోలు సీటు ఎండిపోయి పెంకులా ఉంటే దాని మీద కూర్చోకూడదు, పగులుతుంది. ఇంజిన్ ఆయిల్‌లో నానబెడితే మెత్తబడి సాగిపోతుంది. తోలుకు పట్టించే మైనపు పూత పల్చగా, కొన్ని రోజుల తేడాతో వేయాలి.

ఈ మూడు జాగ్రత్తలు తప్పనిసరి

ఒకటి.. సీసం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పిల్లలకు, గర్భిణులకు మరీ ప్రమాదం. రంగు గీకక తప్పకపోతే తడి చేసి, మంచి మాస్కు పెట్టుకుని, ఇంటి బయటే చేయాలి. అక్కడి తడి మురికిని ఆరనివ్వకుండా ఎత్తేయాలి.

రెండు.. సెల్యులాయిడ్. ఆ కాలపు హ్యాండిల్ పిడులు, గాలి పంపులు కొన్ని సెల్యులాయిడ్‌తో చేసినవి. నిప్పు అంటుకుంటే భగ్గుమంటాయి. బిగుసుకున్న పిడి తీయడానికి మంట చూపించడం, వేడి గాలి కొట్టడం చేయొద్దు.

మూడు.. ఫోర్కు. తొక్కాలనుకుంటే ముందు చూడాల్సింది ఇదే. ఫోర్కు పైభాగం, హ్యాండిల్ గొట్టం లోపల, లగ్గుల అంచుల్లో వెంట్రుకంత పగులు ఉన్నా ఆ సైకిల్ రోడ్డెక్కకూడదు. బయట రంగు బాగానే ఉన్నా లోపల తుప్పు తినేసి ఉండొచ్చు. తొక్కుతుండగా ఫోర్కు విరిగితే మనిషి ముఖం మీద పడతాడు. మెరిసేలా రంగు వేస్తే ఆ పగులు కూడా కనపడకుండా పోతుంది. రంగు గురించి తొందర వద్దనడానికి ఇది ఇంకో కారణం.

మరి రంగు వేయనే కూడదా?

వేయొచ్చు. అసలు రంగు అసలే మిగలనప్పుడు, ఎవరో గతంలోనే రెండు మూడు సార్లు బ్రష్‌తో రంగు పూసేసినప్పుడు, తుప్పు ఇనుమును తినేస్తున్నప్పుడు కొత్త రంగు తప్పు కాదు. అయితే ముందు పాత పొరల కింద ఏముందో చిన్న ముక్క మేర చూడాలి. ఒక్కోసారి పైపై రంగు కింద కంపెనీ రంగు భద్రంగా దొరుకుతుంది.

నంబరు మీద, లగ్గుల అంచుల మీద ఇసుకతో రంగు లేపే యంత్రం గట్టిగా కొట్టనివ్వకూడదు. వాటిని టేపుతో మూసి ఇవ్వాలి. పాత రంగు కొంచెమైనా మిగిలితే కనపడని చోట చేతి వెడల్పంత అలాగే వదిలేయడం మంచిది. రేపు ఎవరైనా అసలు రంగు ఏదని అడిగితే చూపించడానికి ఉంటుంది.

అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన, చారిత్రక ప్రాధాన్యం ఉన్న వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. నిజంగా వందేళ్లు దాటిన సైకిల్‌ను బయటి దేశం వాళ్లు కొంటామంటే, ముందు పురావస్తు శాఖను అడిగి రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

కొనేవాళ్లకూ ఇదే సూత్రం. 'బ్రిటిష్ కాలం' అన్న మాటకు డబ్బులివ్వొద్దు. నంబరు చూపించమనాలి. పూత నికెలా, క్రోమా చూడాలి. చైను కొలవాలి. కొత్తగా నల్ల రంగు వేసి, ఏ గుర్తూ లేకుండా మెరిసిపోతున్న సైకిల్‌ను 'వందేళ్లది' అంటే అనుమానించాల్సిందే.

ఇక ఇంట్లో పాత సైకిల్ ఉన్నవాళ్లు ఈ ఆదివారం చేయాల్సిన పని చాలా చిన్నది. దాన్ని బయటకు తీసి, వెలుతురులో పెట్టి, ఫొటోలు తీసి, నంబరు రాసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అది ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఎప్పుడు ఏ భాగం మార్చారు అని అడిగి రాసుకోవాలి. తుప్పు ఇన్నేళ్లు ఆగింది, ఇంకో నెల ఆగుతుంది. తాత సైకిల్ గురించి చెప్పగలిగే నానమ్మ జ్ఞాపకం మాత్రం ఆగకపోవచ్చు.